గట్లు లేని గుత్త పని

వరి నాట్లు గుత్తకు మాట్లాడుకునేటప్పుడు ఎవరూ కాగితం రాసుకోరు. ఎకరానికి ఇంత అనుకుంటారు, మర్నాడు పొద్దున్నే పని మొదలవుతుంది. ఒప్పుకున్నది మూడెకరాలైతే సాయంత్రానికి అది మూడున్నర కాదు. చుట్టూ గట్టు ఉంది, అది ఇద్దరికీ కనబడుతూనే ఉంటుంది.

ఫ్రీలాన్స్ వెబ్ డెవలపర్ ఒప్పుకునేది కూడా ఎక్కువసార్లు గుత్త పనే. "సైటు మొత్తానికి నలభై ఐదు వేలు" అని ఫోన్‌లో మాట అయిపోతుంది, సగం డబ్బు యూపీఐలో వచ్చేస్తుంది. చిక్కల్లా సైటుకు గట్టు లేకపోవడమే. పని సగంలో ఉండగా "తమ్ముడూ, ఒక చిన్న మార్పు" అని మెసేజ్ వస్తుంది. నెల తిరిగేసరికి అలాంటివి పదో పదిహేనో పోగవుతాయి. దీనికి సాఫ్ట్‌వేర్ వాళ్ళు పెట్టుకున్న పేరు స్కోప్ క్రీప్. ఈ మాట వచ్చినప్పుడల్లా డెవలపర్లు క్లయింట్‌ను తిడతారు. ఆ తిట్టు చాలావరకు అన్యాయం. సొంత వ్యాపారానికి ఏం కావాలో అడగడం క్లయింట్ తప్పు కాదు. అడిగినప్పుడు ధర, గడువు చెప్పకుండా "సరే అన్నా, చేసేద్దాం" అనేసిన చోటే లెక్క తప్పుతుంది.

ఒక ఉదాహరణ అనుకుందాం. గుంటూరులో ఇంటి దగ్గర పచ్చళ్ళు పెట్టి అమ్మే కుటుంబం ఆన్‌లైన్ అమ్మకాలకు సైటు కావాలంటుంది. పచ్చళ్ళు, పొడులు కలిపి 30 రకాలు. సైట్లు కట్టే వర్డ్‌ప్రెస్ మీద, అమ్మకాలు నడిపే వూకామర్స్ పెట్టి, ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకునే పేమెంట్ గేట్‌వే కలిపి ఇవ్వడానికి 90 గంటలు పడుతుందని డెవలపర్ లెక్కేసుకుని 45,000 రూపాయలు చెప్తాడు. గంటకు 500 అన్నమాట.

మొదటి వారంలోనే క్లయింట్ గుర్తుచేస్తాడు: పావుకేజీ, అరకేజీ, కేజీ ప్యాకెట్లు ఉంటాయి కదా అని. 30 కాస్తా 90 అవుతుంది. తరువాత ఇంట్లోవాళ్ళు ఇంకో మాట అంటారు: వెల్లుల్లి వేసింది వేరు, వేయనిది వేరు. 30లో 20 రకాలకు ఈ తేడా ఉందనుకున్నా లెక్క 150కి చేరుతుంది. ప్రతిదానికీ ధర, బరువు విడిగా ఎక్కించాలి. ఇంతకంటే పెద్ద చిక్కు స్టాక్ దగ్గర. ప్యాకెట్లు మూడు సైజులైనా పచ్చడి ఒకే జాడీలోది. నాలుగు పావుకేజీలు అమ్ముడుపోతే కేజీ ప్యాకెట్లలో ఒకటి తగ్గాలి. వూకామర్స్ ఈ లెక్క తనంతట తాను వేయదు. దానికి ప్లగిన్ (అదనంగా తగిలించే చిన్న సాఫ్ట్‌వేర్) అయినా కొనాలి, కోడ్ అయినా రాసుకోవాలి. "సైజులు పెట్టండి" అన్న రెండు మాటల వెనక రెండు రోజుల పని ఉంది. అడిగినవారికి అది కనబడదు, వారికి కనబడాలని ఆశించడం కూడా సరికాదు.

ఆ తరువాతి కోరిక లాగిన్‌కు ఓటీపీ. అన్ని యాప్‌లలో ఉన్నదే కాబట్టి చాలా మామూలుగా అడుగుతారు. కానీ మన దేశంలో వ్యాపార ఎస్ఎంఎస్ పంపాలంటే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం, మెసేజ్ పంపే వ్యాపారం టెలికాం కంపెనీల డీఎల్‌టీ అనే నమోదు ప్లాట్‌ఫామ్‌లో చేరాలి. పంపేవారి పేరుగా కనిపించే హెడర్‌కూ, మెసేజ్ నమూనాకూ విడివిడిగా ఆమోదం తీసుకోవాలి. ఆ పత్రాలు క్లయింట్‌వి, ఆమోదం ఇంకొకరి చేతిలోది. డెవలపర్ ఎంత త్వరగా కోడ్ రాసినా గడువు అతని మాట వినదు. ఎస్ఎంఎస్‌లకు అయ్యే ఖర్చు నెలనెలా క్లయింట్ పెట్టుకోవాల్సిందే. ఈ సంగతి ముందే చెప్తే సగం మంది "అయితే ఈమెయిల్ లాగిన్ చాలు" అంటారు. చెప్పకుండా మొదలుపెడితే ఆలస్యానికి నింద డెవలపర్ మీదే పడుతుంది.

తెలుగు సైట్లకు మాత్రమే ఉన్న కోరిక ఇంకొకటుంది: "తెలుగులో కూడా పెట్టేయండి, మ్యాటర్ మా దగ్గర రెడీగా ఉంది." ఆ మ్యాటర్ చాలాసార్లు డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో కొట్టించిన పాంప్లెట్‌ది. అది అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ చదవగలిగే యూనికోడ్ కాదు. సైటులో అతికిస్తే అక్షరాలకు బదులు ఇంగ్లీషు గుర్తుల గందరగోళం కనిపిస్తుంది. కన్వర్టర్లు ఉన్నాయి గానీ, వాటి నుంచి వచ్చింది అక్షరం అక్షరం దిద్దుకోవాలి. ముఖ్యంగా వత్తుల దగ్గర. ఆ తరువాత ఫాంట్ ఎంపిక, వరుసల మధ్య ఎడం. ఇంగ్లీషుకు సరిపోయిన ఎడంలో తెలుగు వత్తులు కింది వరుస గుడుల మీదకెక్కుతాయి. మెనూలో ఇమిడిన ఇంగ్లీషు మాటకు బదులు తెలుగు మాట పెడితే ఫోన్ తెరమీద రెండో వరుసలోకి జారుతుంది. పేజీలన్నీ రెండు భాషల్లో ఉంటే ఇకమీదట వచ్చే ప్రతి మార్పూ రెండుసార్లు చేయాలి. తెలుగులో సైటు ఉండాలన్న కోరిక మంచిది, తెలుగు డెవలపర్లు సంతోషంగా చేయాల్సిన పని కూడా. కానీ అది రెండో సైటుతో సమానమైన పని, "కూడా"తో పోయేది కాదు.

ఇవన్నీ కలిపి ఇంకో 45 గంటలు పట్టాయనుకుందాం. అప్పుడు గంటకు పడేది 333 రూపాయలు. దీన్ని చాలామంది ఎలాగో సర్దుకుంటారు. సర్దుకోలేనిది క్యాలెండర్. ఆ 45 గంటలు తరువాతి క్లయింట్‌కు ఇస్తానన్న రోజుల్లోంచి పోతాయి. అక్కడ ఆలస్యమవుతుంది. ఆలస్యమైనందుకు మొహమాటపడి వాళ్ళు అడిగిన అదనపు పని ఉచితంగా చేస్తారు. ఒక పనిలో మొదలైన నష్టం ఇలా రెండో పనిలోకి, మూడో పనిలోకి పాకుతుంది. ఒంటరిగా పనిచేసేవారికి ఇది ప్రాణాంతకం, ఎందుకంటే వారి దగ్గర పక్కకు తిప్పడానికి ఇంకో మనిషి లేడు.

మరి ధర చెప్పడానికి నోరెందుకు రాదు? మన దగ్గర చిన్న వెబ్ పనులు ఎక్కువగా తెలిసినవాళ్ళ ద్వారానే వస్తాయి. ఎవరో బావమరిది చెప్తాడు, ఒకే కాలేజీ సీనియర్ పంపుతాడు. రెండో ఫోన్‌కే క్లయింట్ "తమ్ముడూ" అంటాడు, డెవలపర్ "అన్నా" అంటాడు. ఆ వరస కలిశాక అదనపు పనికి ఆరు వేలు అడగడం అన్నను అప్పు తీర్చమన్నట్టు ఉంటుంది. దీనికి తోడు చాలామంది డెవలపర్లకు పని వచ్చినంతగా ధర కట్టడం రాదు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో మూడు నెలల్లో సైట్లు కట్టే రియాక్ట్ నేర్పుతారు. ఒక పని ఎన్ని గంటలు పడుతుందో అంచనా వేయడం ఆ సిలబస్‌లో ఉండదు. ఇంజనీరింగ్ కాలేజీలోనూ ఎవరూ నేర్పరు. ఇంత పెద్ద లోటు గురించి ఎవరూ మాట్లాడకపోవడం బాధాకరం.

అన్నిటికీ డబ్బు అడగాలా అంటే అక్కర్లేదు. కూరగాయల బండి దగ్గర రెండు కేజీల టమాటా కొంటే నాలుగు రెబ్బల కరివేపాకు కొసరు వేస్తారు. తూకం అయ్యాకే కొసరు. ఎంత వేయాలో అమ్మేవారే నిర్ణయిస్తారు. కొసరుగా ఇంకో కేజీ టమాటా ఎవరూ అడగరు. వెబ్ పనిలోనూ కొసరుకు చోటుంది. బ్యానర్ మీద ఒక మాట మార్చడం, ఫోన్ నంబరు సరిచేయడం, దసరాకు ఒక ఫొటో పెట్టడం అలాంటివి. కాకపోతే అది బిల్లులో కనిపించాలి. "బ్యానర్ మార్పు: 1,000. తగ్గింపు: 1,000" అని రాసి పంపితే చెల్లించాల్సింది సున్నాయే అయినా పనికి ఒక ధర ఉందని అవతలివారికి తెలుస్తుంది. కనబడని కొసరు నాలుగోసారికి హక్కుగా మారుతుంది. అప్పుడు డబ్బు అడిగితే "మొన్నటిదాకా ఊరికే చేశావు కదా" అంటారు. ఆ మాటకు జవాబు లేదు, ఎందుకంటే అది నిజం.

కొసరు దాటిన కోరికకు ఇచ్చే జవాబు ఇలా ఉంటే సరిపోతుంది: "చేయొచ్చు అన్నా. ఇది మనం మొదట అనుకున్న లిస్టులో లేదు. రెండు రోజుల పని, 6,000 అవుతుంది. ఇది కూడా కలిపితే సైటు శుక్రవారానికి బదులు మంగళవారం ఇస్తాను. సరే అని ఒక మెసేజ్ పెడితే రేపు మొదలుపెడతాను." ఇందులో కాదన్న మాట లేదు, గొడవ లేదు, సంజాయిషీ అసలే లేదు. డబ్బుతో పాటు గడువు ఎంత జరుగుతుందో చెప్పడం ఇందులో అన్నిటికంటే ముఖ్యం. ఆరు వేలకు వెనకాడని క్లయింట్ కూడా పండగ అమ్మకాలు దాటిపోతాయంటే ఆగి ఆలోచిస్తాడు. "అయితే ఇది తరువాత చూద్దాం" అంటాడు. ఆ నిర్ణయం తీసుకోవాల్సింది ఆయనే. వ్యాపారం ఆయనది కాబట్టి ఏది ముందో ఆయనకే బాగా తెలుసు. ధర దాచి ఊరికే చేసేస్తే ఆ నిర్ణయం తీసుకునే అవకాశాన్నే ఆయన దగ్గర్నుంచి లాగేసుకున్నట్టు.

ఈ జవాబు మొదటి కోరికకే ఇవ్వాలి. మొదటి నాలుగూ ఊరికే చేసి ఐదోదానికి ధర చెప్తే, అప్పటిదాకా అణచుకున్న కోపమంతా ఆ మెసేజ్‌లో తొంగిచూస్తుంది. వాట్సాప్ వాయిస్ నోట్‌లో అడిగినదాన్ని కూడా రాతలోకి మార్చి, "మీరడిగింది ఇదే కదా" అని తిరిగి పంపడం మంచి అలవాటు. సగం తగాదాలు విన్నదానికీ అన్నదానికీ ఉన్న తేడాలోంచే పుడతాయి.

అయితే "మొదట అనుకున్న లిస్టు" అనే మాట చెల్లాలంటే లిస్టు ఉండాలి. ఉన్నవి రాయడం అందరూ చేస్తారు: హోమ్ పేజీ, ప్రొడక్ట్ పేజీలు, కార్ట్, కాంటాక్ట్. గట్టు వేసేది మాత్రం లేనివి రాయడమే. ఈ ధరలో తెలుగు పేజీలు లేవు, ఓటీపీ లేదు, ఫొటోలు తీయడం, మ్యాటర్ రాయడం లేవు, ప్రొడక్టులు 30కి మించవు, ఒక్కోదానికి మూడు సైజులు మాత్రమే, డిజైన్ మార్పులు రెండుసార్లు. పచ్చళ్ళ సైటు ఒప్పందంలో ఈ నాలుగు వరుసలుంటే పై కథ మొత్తం వేరేగా నడిచేది. జీఎస్టీ కలిపా, విడిగానా అన్నది కూడా అక్కడే రాయాలి. ఏడాదికి 20 లక్షలు దాటని సర్వీసుకు మన రాష్ట్రాల్లో రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ, రిజిస్ట్రేషన్ ఉన్న డెవలపర్ 18 శాతం సంగతి చివరి బిల్లులో మొదటిసారి ఎత్తితే అది కూడా అవతలివారికి అదనపు కోరికలాగే కనిపిస్తుంది.

మొదటి లిస్టులో లేకపోయినా డెవలపరే భరించాల్సినవి కొన్ని ఉంటాయి. పేమెంట్ గేట్‌వేలు ఖాతా ఇచ్చేముందు సైటులో ప్రైవసీ పాలసీ, రీఫండ్ షరతులు, సంప్రదించే చిరునామా వంటి పేజీలు ఉన్నాయో లేదో చూస్తాయి. ఈ సంగతి క్లయింట్‌కు తెలియదు, డెవలపర్‌కు తెలుసు. వాటికి విడిగా డబ్బు అడగడం న్యాయం కాదు, మొదటి అంచనాలోనే అవి ఉండాలి. తప్పులు దిద్దడం కూడా అంతే. ఐఫోన్‌లో కార్ట్ బటన్ నొక్కుడు పడకపోతే అది మార్పు కాదు, లోపం. ఉచితంగా, త్వరగా సరిచేయాలి. లోపాన్ని అదనపు పనిగా చూపించి బిల్లు వేసే డెవలపర్లూ ఉన్నారు. అలాంటివాళ్ళ చేతిలో ఒకసారి దెబ్బతిన్న క్లయింట్ తరువాత వచ్చినవారి ప్రతి బిల్లునూ అనుమానంగానే చూస్తాడు. అప్పగించాక 30 రోజులు లోపాలు ఉచితం అని రాసుకుంటే, లోపమేదో మార్పేదో ఇద్దరూ తేల్చుకోవడానికి ఒక హద్దు దొరుకుతుంది.

చట్టం ఎటువైపు ఉంది? 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం నోటిమాట ఒప్పందాన్నీ ఒప్పుకుంటుంది. ఎలక్ట్రానిక్ రూపంలో జరిగిందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదని ఐటీ (సమాచార సాంకేతిక) చట్టంలోని 10ఎ సెక్షన్ చెప్తుంది. కాబట్టి వాట్సాప్‌లో వచ్చిన "సరే" కూడా విలువైనదే. కాంట్రాక్టు చట్టంలోని 70వ సెక్షన్ ఇంకా ఆసక్తికరం. ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా ఒకరు ఇంకొకరికి న్యాయబద్ధంగా పని చేసిపెడితే, దాని ఫలితం అనుభవించినవారు ప్రతిఫలం ఇవ్వాలంటుంది. అయితే ఉచితంగా చేసే ఉద్దేశం లేదని చూపించేదెలా? నాలుగు నెలలు నోరెత్తకుండా చేసినవారికి అది కష్టం. ధర చెప్పిన ఆ చిన్న మెసేజే ఇక్కడా పనికొస్తుంది.

చిన్న వ్యాపారంగా ప్రభుత్వం దగ్గర ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేసుకున్న ఫ్రీలాన్సర్‌కు 2006 నాటి ఎంఎస్ఎంఈ (చిన్న సంస్థల) చట్టం రక్షణ ఉంది. కొన్నవారు డబ్బు ఇవ్వడానికి ఎంత గడువు రాసుకున్నా అది 45 రోజులు మించకూడదు. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. ఇలాంటి బాకీల తగాదాలు చూసే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు. ఇదే చట్టంలో చాలామంది గమనించని మాట ఇంకొకటుంది: పని అందిన 15 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజే అంగీకరించినట్టు లెక్క. "ఇంకా చిన్న చిన్నవి మిగిలాయి, అవయ్యాక చివరి డబ్బు" అని నెలలు సాగదీసే చోట ఇది గట్టి ఆసరా. పని ఒప్పుకోవడానికి ముందే ఈ రిజిస్ట్రేషన్ ఉండటం క్షేమం. ఇక కోడ్ మీద హక్కు సంగతి. ఉద్యోగి కానివారు రాసిన కోడ్‌కు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు రాసినవారే. బదిలీ సంతకంతో రాతలో జరగాలని 1957 కాపీరైట్ చట్టం చెప్తుంది. అదనపు పనులతో సహా మొత్తం డబ్బు అందాకే హక్కులు బదిలీ అవుతాయని ఒప్పందంలో ఒక వాక్యం ఉంటే చాలు.

విదేశీ క్లయింట్లతో అప్‌వర్క్ లాంటి ఆన్‌లైన్ పని వేదికల్లో పనిచేసే తెలుగువారికి ఈ గట్టు కొంత వేసే ఉంటుంది. గుత్త పనిలో ఒక్కో మైలురాయికి, అంటే పనిలో ఒక్కో దశకు, డబ్బు ముందే ఎస్క్రోలో (మధ్యవర్తి ఖాతాలో) జమవుతుంది. అదనపు కోరికకు కొత్త మైలురాయి తెరిచి డబ్బు వేయమనడం అక్కడ మామూలు మర్యాద. వేయించుకోకుండా చేసిన పనికి ఆ రక్షణ వర్తించదు.

ఈమధ్య కొత్త మాట ఒకటి వినబడుతోంది: "ఏఐతో ఐదు నిమిషాల్లో అయిపోతుంది కదా." కోడ్ రాసే సమయం తగ్గిన మాట నిజమే, దాన్ని ఒప్పుకోవాలి. కానీ డబ్బు కట్ అయి ఆర్డర్ నమోదు కాకపోతే ఏం జరగాలో చూడటం, డాలర్లలో చెల్లించిన కస్టమర్‌కు రీఫండ్ వెళ్తుందో లేదో పరీక్షించడం, పాత ఆర్డర్లు చెడిపోకుండా కొత్త సైజులు కలపడం ఇప్పటికీ గంటల పనే. ధర టైపింగ్‌కు కాదు, బాధ్యతకు అని క్లయింట్‌కు వివరంగా చెప్తే చాలామంది అర్థం చేసుకుంటారు.

ఒకవేళ మాట కుదరక డబ్బు ఆగిపోతే, సైటును ఆపేసి లొంగదీసుకోవాలన్న ఆలోచన చాలామందికి వస్తుంది. అది చేయకూడదు. అవతలివారి సర్వర్‌లోకి అనుమతి లేకుండా వెళ్ళి పని ఆపడం ఐటీ చట్టం కింద కేసు దాకా తీసుకెళ్ళగలదు. ఆరు వేల బాకీ ఆ స్థాయి టెన్షన్‌కు తగదు. డొమైన్ మొదటి రోజు నుంచీ క్లయింట్ పేరు మీదే ఉండాలి. డెవలపర్ తన సర్వర్‌లో తయారుచేసి చూపించి, ఒప్పుకున్న వాయిదా అందాక క్లయింట్ సర్వర్‌కు మారిస్తే ఇద్దరూ నిశ్చింతగా ఉంటారు.

సైటు మొదలయ్యాక కోరికలు ఎలాగూ ఆగవు. ఏప్రిల్‌లో మామిడికాయ వస్తుంది, కొత్తావకాయ పేజీ కావాలంటారు. జూన్‌లో అమెరికా నుంచి ఆర్డర్లు పెరిగాయి, షిప్పింగ్ రేట్లు మార్చాలంటారు. వీటిని ఒక్కొక్కటిగా బేరమాడటం ఇద్దరికీ విసుగు. నెలకు నాలుగు గంటలు, 2,500 రూపాయలు, వాడుకోని గంటలు వచ్చే నెలకు వెళ్ళవు, నాలుగు దాటితే గంటకు 700 అని ఒక ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం) రాసుకుంటే "తమ్ముడూ, ఒక చిన్న మార్పు" అన్న మెసేజ్‌కు డెవలపర్ గుండె జారదు. గంటలు చూసుకుని "ఈ నెల ఇంకా ఒకటిన్నర ఉంది అన్నా, చేసేస్తాను" అని జవాబిస్తాడు.